మైకు దొరికినంక



2011 సకల జనుల సమ్మెల నేను టెంటు కాడ చాపలు పరిచే పిలగాన్ని. ఒకనాడు మాట్లాడెటోళ్లు రాలేదని నాకే మైకిచ్చిండ్రు. ఇంట్ల అమ్మతోని మాట్లాడే భాష గొంతులనే ఆగింది. "సోదర సోదరీమణులారా, ఈ చారిత్రాత్మక ఘట్టంలో" అని అందుకున్న. చప్పట్లయితే కొట్టిండ్రు. దిగంగనే చాయ్ పోసే పెద్దమ్మ అడిగింది: "ఏ ఊరు బిడ్డా నీది? రేడియోల వార్తలు చదివినట్టు చదివినవ్!" అందరు నవ్విండ్రు. నాకు నవ్వు రాలే. మన యాసను ఎక్కిరిస్తున్నరనే గదా మనం కొట్లాడింది!

నేర్చుకోవద్దంటలేను. 1985ల వచ్చిన 610 జీవో చదువకుండ ఉద్యోగుల ముందర ఏం మాట్లాడ్తం? జయశంకర్ సార్ కాకతీయ యూనివర్సిటీకి వీసీగ చేసిండు. నీళ్ల లెక్కలు, కొలువుల లెక్కలు మాత్రం ఊరోళ్లకు సమజయ్యేటట్టే చెప్పిండు.

కుర్చీ సంగతి ఇంకో తీరు. కొండా లక్ష్మణ్ బాపూజీ 1969ల తెలంగాణ కోసం మంత్రి పదవి ఇడిసిపెట్టిండు. 1971ల 14 ఎంపీ సీట్లల 10 గెలిచిన తెలంగాణ ప్రజా సమితి అదే ఏడు కాంగ్రెస్‌ల కలిసింది. ఓట్లేసినోళ్లను అడిగిండ్రా? 2014ల రాష్ట్రం వచ్చినంక మా టెంటుల కూసున్నోళ్లే కొందరు ఫోను ఎత్తుడు బంద్ చేసిండ్రు. పేర్లెందుకు, మీకెరికే.

నన్ను మర్నాడు మళ్ల మైకు కాడికి పిలిచిండ్రు. ముందుగాల పెద్దమ్మ దిక్కు చూసిన. "ఇయ్యాల మంచిగ చెప్పు బిడ్డా" అన్నది. నాలుగు ముక్కలే చెప్పిన. ఆమె కేటిలి కింద పెట్టి ఇన్నది.