వేషమూ, విరాళమూ

 

ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు వేషాలు వేయించి, ఆ సందడిలో ఒక సత్కార్యానికి విరాళాలు సేకరించడం ఇంగ్లండు వారి పద్ధతి అని పలువురి అభిప్రాయం. అక్కడ 1980లో ‘చిల్డ్రన్ ఇన్ నీడ్’, 1988లో ‘రెడ్ నోస్ డే’ సేకరణలు మొదలైనవి. ఆ రోజులలో బాలబాలికలు యూనిఫారం మాని, ఇష్టమైన దుస్తులలోనో, ఏదో ఒక వేషంలోనో బడికి వచ్చి, సాధారణంగా ఒక పౌను సమర్పిస్తారు.

అయితే తెలుగు వీధిబడికి ఈ ముచ్చట కొత్తది కాదు. పంతులుగారికి నిలకడైన నెలజీతం లేని కాలంలో దసరా పండుగే ఆయనకు పెద్ద ఆధారం. పిల్లలు ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకొని, రంగు కాగితాలు అంటించిన విల్లంబులు, గిలకలు చేతబట్టి, గురువు వెంట ఇంటింటికీ వెళ్లి పద్యాలు పాడేవారు. పువ్వులు, బుక్కాయి చల్లేవారు. గృహస్థులు పంతులుగారికి రొక్కమో, వస్త్రమో ఇచ్చి, పిల్లల దోసిళ్లలో పప్పుబెల్లాలు పోసేవారు. ఆ బడి గడప తొక్కే భాగ్యం ఎందరో బాలికలకు, నిమ్నవర్గాల పిల్లలకు లేకపోయిందన్న సంగతి మరువరాదు. కాని బడిలో చేరిన వారి మధ్య ఒక సమానత ఉండేది. భూస్వామి కుమారుని చేతనైనా, పేద రైతు కుమారుని చేతనైనా ఉండేది ఇంచుమించు ఒకే తీరు విల్లు. ఇచ్చేవారు పెద్దలు, పిల్లవాడు చెల్లించవలసినది ఏమీ లేదు. ఎవరి కొరకు అడుగుతున్నాడో ఆయన ప్రక్కనే నిలబడి ఉండేవారు. ఆయనకు అది ఎంత మొగమాటమో ఎవరూ వ్రాసిపెట్టినట్లు లేదు!

నేటి విచిత్ర వేషధారణకు ఝాన్సీరాణి ఖడ్గం, అల్లూరి గడ్డం అద్దె దుకాణం నుండి వస్తున్నాయి. ఆ అద్దె, డబ్బాలో పడే విరాళానికి ఎన్నో రెట్లు. అద్దె పెట్టలేని ఇంటి పిల్లకు ఆ ఉదయమే కడుపునొప్పి వస్తుంది. ఏ ఉపాధ్యాయినికైనా ఆ నొప్పి తెలిసినదే. యూనిఫారం ఏడాది పొడవునా కప్పిన తారతమ్యాన్ని, దానం పేరిట ఒక్క పూటలో విప్పి చూపడం ఏపాటి దానం? గ్లాస్గో పాఠశాలలపై ‘చైల్డ్ పావర్టీ యాక్షన్ గ్రూప్’ 2015లో వెలువరించిన నివేదిక కూడా ఇటువంటి వేడుకల ఖర్చు పేద పిల్లలను బడికి దూరం చేయగలదని హెచ్చరించింది.

వేషాలు మానవలసిన పని లేదు. పిల్లలకు అంతటి సంబరం మరొకటి ఉండదు. అమ్మ పాత చీర, తాతగారి చేతికర్ర, తరగతిలోనే అందరూ కూర్చుండి వార్తాపత్రికలతో అతికించుకొన్న కిరీటం చాలు. బహుమతులు వద్దు. విరాళం మూత ఉన్న డబ్బాలో పడాలి. రిక్తహస్తం పెట్టి తీసిన పిల్లకూ, నోటు వేసిన పిల్లకూ భేదం కనిపించరాదు. ప్రార్థన సమయంలో దాతల పేర్లు, మొత్తాలు చదివే అలవాటు వెంటనే ఆగిపోవాలి. సొమ్మును పిల్లల చేతనే లెక్కింపజేసి, ఎంత వచ్చినదీ, దానితో నోటు పుస్తకాలు కొన్నారో, కళ్లద్దాలు కొన్నారో నల్లబల్లపై వ్రాయించాలి. అవి అందుకొన్న విద్యార్థి పేరు మాత్రం వ్రాయనక్కరలేదు.