బందరు కోట ముట్టడి
(బొల్లాపల్లి సభలో గావించిన ఉపన్యాసము)



పలనాటి వీరుల కథను ఉగ్గుబాలతో గ్రోలిన మీ యెదుట యుద్ధములను గూర్చి ప్రసంగించుట సాహసమే యగును. అయినను నేడు నేను మనవి చేయదలచినది కారెంపూడి రణమును గూర్చి కాదు. ఆంధ్రదేశమున ఫ్రెంచివారి ప్రభుత్వమును తుదముట్టించి, ఇంగ్లీషువారి ప్రభుత్వమునకు పునాది వేసిన బందరు ముట్టడిని గూర్చి.

1753లో సలాబతు జంగు తన కొలువున నున్న ఫ్రెంచి సైన్యపు వ్యయమునకై చికాకోలు, రాజమహేంద్రవరము, ఏలూరు, ముస్తఫానగరము సర్కారులను బుస్సీకి ఒప్పగించెను. 1757లో బుస్సీ ఫిరంగులకు బొబ్బిలి కోట కూలెను. అచ్చటనే విజయనగర ప్రభువు పెద విజయరామరాజు హతుడయ్యెను. పిమ్మట గద్దె నెక్కిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారిపై కినుక వహించి, 1758లో విశాఖపట్టణమును పట్టుకొని, ఇంగ్లీషు కంపెనీకి కబురంపెను. క్లైవు వంగదేశము నుండి కర్నలు ఫోర్డును పంపెను. ఆ డిసెంబరులో చందుర్తి వద్ద ఓడిన ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్సు తుదకు బందరు కోటను ఆశ్రయించెను.

1759 మార్చిలో ఫోర్డు ఆ కోటను ముట్టడించెను. ఆయన స్థితి దుర్భరముగ నుండెను. కోట చుట్టును ఉప్పుటేరులు, అడుసు నేలలు. లోపలి బలము బయటి బలమునకు తక్కువ కాదు. సొమ్ము అందలేదని ఆయన తెల్ల సోల్జర్లే తిరుగబడిరి. సలాబతు జంగు మహాసైన్యముతో సమీపించుచుండెను. భయపడిన ఆనందరాజు స్వదేశమునకు మరలిపోవ నెంచగా, ఫోర్డు ఎట్లో నచ్చజెప్పి నిలిపెను. మందుగుండు రెండు దినములకు మాత్రమే మిగిలెను.

ఏప్రిల్ 7వ తేది అర్ధరాత్రి, ఆటుపోటు తగ్గిన వేళ, ఫోర్డు తెగించెను. ఒక దళము అడుసులో దిగి ఒకవైపు, ఆనందరాజు బలము వాకిలి వైపు అలజడి చేయుచుండగా, అసలు సేన ఈశాన్యపు బురుజున ఫిరంగులు తొలచిన గండి నెక్కెను. తెల్లవారునప్పటికి కోట వశమయ్యెను. సుమారు 500 మంది యూరపియనులు, 2,500 మంది సిపాయిలు మున్నగువారు చెరపడిరి.

ఫ్రెంచివారిని రక్షింప వచ్చిన సలాబతు జంగు మే 14వ తేదీన ఇంగ్లీషువారితోనే సంధి చేసికొని, బందరును, చుట్టుపట్ల సీమను వారికి ధారపోసి, ఫ్రెంచి సైన్యమును తన రాజ్యమున నిలువనీయనని ఒప్పుకొనెను. 1761 జనవరిలో పుదుచ్చేరి పడెను. 1763లో పారిసు సంధి జరిగెను. ఫ్రెంచివారికి తెలుగునాట తుదకు మిగిలినది యానాము. అదియు 1954లో మనకు చేరెను.

కంపెనీని పిలిచిన ఆనందరాజునకు దక్కిన దేమి? తాతతండ్రుల సీమకు పేష్కషు కట్టుకొనుటకు అనుమతి! ప్రాణము లొడ్డిన సిపాయిలు ఉభయపక్షముల యందును ఈ దేశపు బిడ్డలే. గెలుపు మాత్రము వారిది కాదు.

బందరు కోట ఒక్క రాత్రిలో పడెను గాని, దేశము కాగితములపై మెల్లమెల్లగ చేజారెను. ఉత్తర సర్కారులు 1766 సంధితో, మీ వినుకొండ సీమ చేరిన గుంటూరు సర్కారు 1788లో, పలనాడు 1801లో కంపెనీ పాలయ్యెను. మన అడవులలో మన పశువులు మేయుటకు పుల్లరి కట్టవలసిన దుర్గతి ఆ దొరతనము ఫలమే. దాని నెదిర్చిన కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుండ్లకు నేల కొరిగెను.

1947లో ఆ దొరతనము తొలగినది. దానిని పిలిచిన గుణము తొలగినదా? పొరుగువానిపై పగ తీర్చుకొనుటకు బలవంతుని ఇంటికి పిలుచు అలవాటు పల్లెలలో నేటికిని కలదు. నీటికాలువ తగవైనను, గట్టు తగవైనను, కక్షిదారు లిరువురును చితికిన పిమ్మట లాభము మూడవవానిది. ఊరి తగవును ఊరివారు న్యాయముగ తీర్చుకొనలేని నాడు, తీర్చ వచ్చినవాడే యజమాని యగును. నలగామునకు, మలిదేవునకు కలిగిన నష్టము మీకు నేను చెప్పనక్కరలేదు. బందరు చెప్పునదియు నదియే. ఈ మాటను మీ రచ్చబండల యొద్ద ఆలోచింప ప్రార్థించుచున్నాను.