పసిబిడ్డయు, వెలుతురును



భౌతికశాస్త్రము బోధించుట నా వృత్తి. అందును వెలుతురును గూర్చి పాఠములు చెప్పుట నాకు మిక్కిలి యిష్టము. అయితే నేను నేడు ముచ్చటింపబోవునది పాఠశాలలోని వెలుతురు గాదు, పురిటింటి వెలుతురు. మామిడికుదురు మా యత్తవారి యూరు. ఇటీవల అచ్చట నాకు ఆడుబిడ్డ కలిగెను. మూడవనాటికి బిడ్డ మొగము పసుపు రాచినట్లయ్యెను.

ఇది వింతసంగతి గాదు. నెలలు నిండి పుట్టిన శిశువులలో నూటికి అరువదిమందికి మొదటివారములో ఈ పసుపురంగు కనబడుచుండును. మా యత్తగారి తల్లి బిడ్డను జూచి, "పొద్దుటెండలో కాసేపు పడుకోబెట్టు బాబూ, పచ్చదనం విరుగుతుంది" అనెను. చదువుకొన్నవారు కొందఱు ఇట్టి మాటలకు నవ్వుదురు. నాకు నవ్వు రాలేదు. ఆ మాటలో సగము శాస్త్రమున్నది. మిగిలిన సగమును గూర్చియే నా భయము.

మన రక్తములోని యెఱ్ఱకణములు కొంతకాలము పనిచేసి నశించును. వానినుండి బిలిరుబిన్ అను పసుపుపచ్చని పదార్థము పుట్టును. కాలేయము దానిని నీట కరగునట్లు మార్చి, పిత్తముతో గూడ బయటికి పంపును. పసిబిడ్డకు ఎఱ్ఱకణము లెక్కువ. కాలేయమునకో, ఆ పని యింకను పట్టువడదు. అందుచే ఆ పదార్థము ఒంటిలో నిలిచిపోవును. చాలమందికి వారము పదిదినములలో తనంత తానే తగ్గును. హద్దు మీఱినచో మాత్రము మెదడులోనికి చొచ్చి, చెవుడును, కాలుసేతుల పట్టు తప్పుటను, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయమును గలిగించును. ఆ నష్టము మఱల పూడునది గాదు.

వెలుతురు దీనికి మందని తెలిసిన కథ వినదగినది. 1956వ సంవత్సరమున, ఇంగ్లండులో ఎసెక్స్ సీమయందలి రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అను నర్సు ఉండెను. ఎండ బిడ్డలకు మేలని నమ్మి, ఎండకాచిన దినములలో శిశువులను ఆవరణలోనికి తీసికొనిపోవుట ఆమెకు అలవాటు. ఒకనాడామె ఒక శిశువును వైద్యులకు జూపెను. ఒడలెల్ల పసుపు తగ్గియున్నది. దుప్పటి కొన కప్పినచోట మాత్రము ముక్కోణపు మచ్చవలె పసుపు నిలిచియున్నది! పిమ్మట, అచ్చటనే కిటికీకడ ఎండలో ఉండిపోయిన యొక రక్తపు గొట్టమును పరీక్షింపగా, బిలిరుబిన్ మిక్కిలి తక్కువగా తేలెను. క్రీమర్, పెరిమన్, రిచర్డ్స్ అను మువ్వురు దీనిని శోధించి, నీలపు దీపములతో శిశువులకు చికిత్సచేసి, 1958లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. ఆ నర్సెవరో మా పెద్దామె యెఱుగదు. కాని యిరువురి కన్నులును ఒక్క జాతివే యని నాకు దోచును.

ఇందు నీలపు రంగేల? సూర్యరశ్మిలో అన్ని రంగులును గలవు. పసుపుపచ్చని వస్తువు నీలమును మ్రింగి, మిగిలిన వానిని తిరుగగొట్టును. కనుకనే అది మనకు పసుపుగా దోచును. బిలిరుబిన్ మ్రింగు నీలపు అల పొడవు సుమారు 0.00046 మిల్లీమీటరు. తల వెండ్రుక మందములో అట్టి అలలు నూటయేబది యిముడును. ఈ నీలము సోకగానే, ముడుచుకొనియున్న బిలిరుబిన్ అణువు తామరమొగ్గ సూర్యునికి విచ్చుకొన్నట్లు రూపు మార్చుకొని, నీట కరగునదియై, కాలేయముయొక్క సాయము లేకయే బయటికి బోవును. ఈ అంకెను నల్లబల్లమీద ఎన్నిమార్లు వ్రాసితినో లెక్కలేదు. అది యొకనాడు నా యింటి బిడ్డకు కావలసి వచ్చునని తలపలేదు.

ఇక మిగిలిన సగము. మన కోనసీమ పెరడు కొబ్బరిచెట్ల నీడ. ఆకుగూడ తన యాహారమునకై నీలమునే మ్రింగును. కావున ఆకులలోగుండా దిగివచ్చు పచ్చని వెలుతురులో, బిడ్డకు కావలసిన రంగు తలపైననే ఆగిపోవుచున్నది. చెట్టులేని చోట పడుకోబెట్టుదమన్నచో, ఎండలోని వేడియు, చర్మమును గాల్చు అదృశ్యకిరణములును పసిబిడ్డ కోర్వరానివి. బట్ట విప్పినచో పుష్యమాసపు టుదయమున చలి తగులును. ఎంత వెలుతురు ఒంటికి జేరినదో కొలుచువా రెవరు?

వెలుతురు విస్తారమైనంత మాత్రమున చాలదు. 1995 జనవరి 8వ తేదీన మామిడికుదురు చెంతనున్న పాశర్లపూడిలో గ్యాసుబావి పేలి అంటుకొని 65 దినములు మండెను. రాత్రులు పగళ్లయినవని ఆ ప్రాంతపువారు నేటికిని జెప్పుదురు. అంతటి మంటలోను ఎఱుపు పసుపులే మెండు, నీలము స్వల్పము. ఆసుపత్రిలోని చిన్ననీలపు దీపము వాకిటికైనను చాలదు గాని, ఈ పనికి అదియే తగినది.

మా బిడ్డకు రక్తము పరీక్షింపగా అంకె హద్దు దాటినదనిరి. రెండురాత్రులు దీపము క్రింద నుంచిరి. ఒంటిమీద గోచిగుడ్డ తప్ప మఱేమియు లేదు. కన్నులకు నల్లని పట్టీ. "దానికి వేడిగా ఉందేమో చూడండి" అని నా భార్య పదేపదే యడుగుచుండెను. నేను చేయి పెట్టి చూచితిని, వేడిలేదు. పాలిచ్చుటకు మాత్రమే బిడ్డ యామె యొడిలోనికి వచ్చెడిది. పట్టీ తీసినప్పుడు కన్నులు చిట్లించి తల్లిని జూచెడిది. ఆ నీలపు వెలుగులో పచ్చదనము తగ్గినదో లేదో చెప్పుట నా వంటి వాని తరమును గాదు. అన్నిటికిని ఒక్కటే రంగు. రక్తపరీక్షయే చెప్పవలెను. మూడవనాటి యుదయమున అంకె దిగినదని చెప్పిరి.

మీ యిండ్లలో పసికందును పరీక్షించునపుడు పసుపుపచ్చని దీపము క్రింద చూడకుడు. ఆ వెలుతురులో పసుపు తెలియదు. పగటిపూట వాకిటి వెలుగున కన్నుల తెల్లగ్రుడ్డును, చిగుళ్లను చూడుడు. నుదుట వ్రేలితో మెల్లగా నొక్కి తీసిన చోటును చూడుడు. పసుపు మొగమున మొదలై క్రిందికి దిగును. అరచేతులకు, అరికాళ్లకు వచ్చినను, పుట్టిననాడే కనబడినను, బిడ్డ పాలు త్రాగక మగతగా నున్నను, మలము సున్నమువలె తెల్లబడినను, రెండువారములు గడచినను పోకున్నను, ఎండను నమ్ముకొని యుండరాదు. ఆకుపసరు పోయరాదు. తల్లిపాలు మానరాదు. రేవున పడవకై కాచుకొను దినములు పోయినవి. వైనతేయముపై వంతెన యున్నది. ఆ పూటనే బిడ్డను అమలాపురమునకు తీసికొనిపోవచ్చును.