సందేహానికి ఒక శ్రవ్య వేదిక



అనుమానం పెనుభూతమని మన సామెత. భూతాలను తరిమేదీ అనుమానమేనన్న సంగతి ఆ సామెత చెప్పదు.

అమెరికాలో స్టీవెన్ నొవెల్లా అనే నరాల వైద్యుడు 2005లో తన ఇద్దరు సోదరులతో, మిత్రులతో కలిసి 'ది స్కెప్టిక్స్ గైడ్ టు ది యూనివర్స్' అనే పాడ్‌కాస్ట్‌ను ప్రారంభించారు. అంతర్జాలంలో కోరినప్పుడు వినగల ఈ వారపు కార్యక్రమం నేటికీ సాగుతున్నది.

అందులో ఎన్నదగినది 'సైన్స్ ఆర్ ఫిక్షన్' అనే ఆట. నొవెల్లా కొన్ని విజ్ఞాన వార్తలు చదువుతారు. వానిలో ఒకటి కల్పితం. మిగిలినవారు ఒక్కొక్కరే తమ తర్కాన్ని బిగ్గరగా వినిపించి, కల్పితమేదో తేల్చాలి. ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్నవారు సైతం పొరబడుతుంటారు. ఆ పొరపాటు శ్రోతలందరికీ వినిపిస్తుంది. అసలు సంగతేమిటో ఆ వెంటనే వివరిస్తారు. మహిమలను ఖండించే ఉపన్యాసాలు పది విన్నా ఇంత మేలు కలుగదేమో! పరుల మూఢత్వాన్ని ఎంచడం సులభం. తన ఊహ తప్పని పదిమందిలో ఒప్పుకొనడం కష్టం.

కన్నడ దేశంలో ఈ కృషి వేదికలపై ఏనాడో మొదలైనది. 1962లో బెంగుళూరు సైన్స్ ఫోరంను నెలకొల్పిన డాక్టర్ హెచ్. నరసింహయ్య, విశ్వవిద్యాలయ ఉపకులపతిగా 1976లో మహిమల పరిశీలనకు ఒక సంఘాన్నే నియమించారు.

నొవెల్లా బృందం మాట్లాడేది ఇంగ్లీషు. ఆట మాత్రం తెలుగు తరగతిలోనూ ఆడవచ్చు, నల్లబల్ల చాలును. ఆక్టోపస్‌కు మూడు గుండెలు. గబ్బిలానికి చూపు లేదు. శుక్రగ్రహం తన చుట్టూ తాను తిరగడానికి పట్టే కాలం, సూర్యుని చుట్టి రావడానికి పట్టే కాలం కంటె ఎక్కువ. వీనిలో అబద్ధమేదో, ఎందుకో పిల్లలు ఒక్కొక్కరే చెప్పాలి. గురువుగారు చివరన నోరు విప్పాలి.