గట్టు చివర దీపం

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో మిషిగన్ సిటీ అనే రేవు పట్టణం ఉంది. అక్కడ మిషిగన్ సరస్సులోకి చొచ్చుకుపోయిన గట్టు చివర, 1904లో కట్టిన లైట్‌హౌస్ నేటికీ నిలిచి ఉంది. పేరుకే సరస్సు, గాలివాన లేస్తే అది సముద్రమే.

కింద చతురస్రపు భవనం. పొగమంచులో ఓడలను హెచ్చరిస్తూ కూత వేసే యంత్రాలు అందులో ఉండేవి. ఎర్రని వాలు కప్పు మీద ఎనిమిది పలకల బురుజు, దానిపైన దీపపు గది. అలలు గట్టును ముంచెత్తినా కాపలాదారు దీపం దాకా చేరేలా ఒడ్డు నుంచి ఎత్తుగా ఇనుప నడవ వేశారు. ఈ కట్టడంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ నడవే.

ఎందుకంటే, అంతకుముందు గట్టు మీది పాత దీపం కోసం హారియెట్ కోల్‌ఫాక్స్ పడ్డ కష్టం అలాంటిది. 1861 నుంచి 1904 దాకా, ఎనభై ఏళ్లు వచ్చేవరకూ, ఇక్కడి దీపాల బాధ్యత ఆమెదే. పంది కొవ్వు నూనె కాచి, చలిగాలిలో గట్టు చివరికి మోసుకెళ్లేవారు. నూనె దారిలోనే గడ్డకడితే వెనక్కి వచ్చి మళ్లీ కాచేవారు.

ఒడ్డు మీది 1858 నాటి పాత లైట్‌హౌస్‌లోని ఫ్రెనెల్ కటకాన్నే కొత్త బురుజుకు మార్చారు. 1960లో దీపం స్వయంచాలకమైంది. పాత లైట్‌హౌస్ ఇప్పుడు మ్యూజియం. ఆ కటకాన్ని అక్కడ చూడవచ్చు.