షుగర్ ఉన్నవారికి కంటి ఆపరేషన్



ఈరోజు కండ్ల గురించి మాట్లాడుకుందాం. మన జల్‌పల్లిలో కొందరు శుక్లం అంటారు. కొందరు మోతియాబింద్ అంటారు. రెండూ ఒకటే. కంటి ముందు భాగంలో చిన్న అద్దం లాంటిది ఉంటుంది. దాన్ని లెన్స్ అంటారు. వయసు పెరిగితే అది మసకబారుతుంది. షుగర్ ఉంటే ఇంకా తొందరగా మసకబారుతుంది. చుక్కల మందుతో ఇది పోదు. ఆపరేషన్ చేసి, పాత లెన్స్ తీసి, కొత్తది పెడతారు.

"ఆపరేషన్ చేయించుకున్నా ఆమెకు సక్కగ కనబడుత లేదు. నేనెందుకు పోవాలె?" ఈ మాట మీరు వినే ఉంటారు. ఆ మాట విని కొందరు దవాఖానకే పోరు. అసలు సంగతి వేరే ఉండొచ్చు.

సినిమా హాలు గుర్తు తెచ్చుకోండి. వెనుక మిషన్‌కు అద్దం ఉంటుంది. ఎదురుగా తెర ఉంటుంది. అద్దం ఎంత కొత్తదైనా, తెర చినిగితే బొమ్మ సరిగా పడదు. మన కంటి లోపల కూడా వెనుక వైపు ఒక తెర ఉంది. దాని పేరు రెటీనా. చాలా ఏండ్లు షుగర్ ఎక్కువగా ఉంటే, ఆ తెరలోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. వాటి నుంచి నీరు, రక్తం కారుతుంది. తెర వాస్తుంది. నొప్పి ఉండదు. మొదట్లో చూపు కూడా బాగానే ఉంటుంది. అందుకే మనకు తెలియదు.

ఆపరేషన్‌లో మార్చేది ముందున్న అద్దాన్నే. వెనుక తెరను మార్చరు. తెర బాగుంటే, షుగర్ ఉన్నా చాలామందికి మంచి చూపు వస్తుంది. తెర అప్పటికే పాడైతే, ఆపరేషన్ బాగా జరిగినా చూపు కొంతే వస్తుంది.

కాబట్టి ఆపరేషన్‌కు ముందే డాక్టరును అడగండి: "సార్, నాకు షుగర్ ఉంది. కంటి తెర చూసిండ్రా?" అడగడానికి సిగ్గు ఎందుకు? కన్ను మనది. కంట్లో చుక్కలు వేసి తెర చూస్తారు. తర్వాత కొన్ని గంటలు మసకగా ఉంటుంది. ఎండ చూడలేరు. తోడు ఎవరినైనా తీసుకుపోండి. తెర పాడైతే లేజర్ గాని, కంట్లో ఇంజెక్షన్ గాని ఇస్తారు. ఇంజెక్షన్ అంటే భయపడకండి, ముందు మొద్దుబారే మందు వేస్తారు. షుగర్, బీపీ కూడా అదుపులోకి తెచ్చుకోవాలి.

"శుక్లం ముదరనీ" అని పాతకాలంలో ఆగేవారు. ఇప్పుడు అట్ల ఆగొద్దు. బాగా ముదిరితే డాక్టరుకు లోపలి తెర కనబడదు. స్కానింగ్ చేయవలసి వస్తుంది.

2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలైంది. 2023 జనవరిలో రెండోసారి పెట్టారు. చాలామందికి అద్దాలు వచ్చాయి. కాని అద్దాల పరీక్ష వేరు, తెర పరీక్ష వేరు. షుగర్ ఉన్నవారు చూపు బాగున్నా ఏడాదికి ఒకసారి తెర చూపించుకోవాలి. మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి దవాఖాన సర్కారుదే. బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి దవాఖానలో కూడా పేదవారికి ఉచితంగా చూస్తారు.

ఆపరేషన్ అయినంక పని అయిపోయిందని అనుకోవద్దు. షుగర్ ఉన్నవారికి ఆ తర్వాత వారాల్లో తెర వాచే భయం ఎక్కువ. కన్ను ఎర్రబడినా, నొప్పి లేచినా, చూపు తగ్గినా అదే రోజు పోవాలి. ఇంట్ల అందరి మందులు మనకు గుర్తుంటయి, మనవే మరిచిపోతం! ఇప్పుడు మీకు చదవడం వచ్చు. మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో చీటీ మీద మీరే చూసుకోండి. ఆ తారీఖు చుట్టూ క్యాలెండర్‌లో ఒక గీత గీయండి.