మాటలు తక్కువైన నాటకం
(హైస్కూలు ఆడపిల్లలతో నాటకం చేయించే కార్యకర్తల కోసం పాచిపెంటలో చేసిన ప్రసంగ పాఠం)



బడిలో నాటకం అనుకోగానే మనం సంభాషణలు రాస్తాం. పుస్తకాల తెలుగు బాగా పలికే పిల్లకి ముఖ్యపాత్ర ఇస్తాం. ఇంట్లో కువి, సవర మాట్లాడే పిల్ల చెట్టో పుట్టో అయి నిలబడుతుంది. తరగతి గదిలోని హెచ్చుతగ్గులే రంగస్థలమూ ఎక్కుతాయి.

1973లో పెరూ అక్షరాస్యతా కార్యక్రమంలో బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్‌కు ఇదే చిక్కు ఎదురైంది. నేర్చుకొనేవాళ్ళ మాతృభాషలు అనేకం. అందుకే బతుకును మాటలతో కాక శరీరాలతో బొమ్మకట్టి చూపమన్నాడు.

మన కొండల్లో థింసా ఉంది. స్త్రీలు ఒకరి వీపు వెనకగా ఒకరు చేతులు పెనవేసి ఒకే అడుగు వేస్తారు. అందులో కథానాయిక లేదు. పక్కమనిషి కదలిక తెలియకపోతే వరస తెగుతుంది. సామూహిక నటనకు మూలం ఇదే.

ముందు పిల్లల్ని మౌనంగా నడవమనండి. ఒకరు ఆగితే అందరూ ఆగాలి. ఎవరు ఆగాలో టీచరు చెప్పకూడదు. వరసకు ముందుండే పిల్లని రోజూ మార్చండి. తర్వాత 'బడి మానిన రోజు'ను బొమ్మకట్టమనండి. తలవంచుకున్న పిల్ల పక్కన ఎవరు నిలబడాలో చూసేవాళ్ళే మార్చి చూపాలి. నాటకంలో మొదటి దృశ్యం అక్కడే పుడుతుంది. ముట్టుకొనే ముందు అడగడం, వద్దంటే ఆగడం కూడా పాఠమే. తన శరీరం తనదన్న ఎరుక అక్కడ మొదలవుతుంది.

అతిథులొస్తే స్వాగతానికి ఈ పిల్లల చేత థింసా ఆడించడం మనకు అలవాటు. ఎవరి కోసం ఆడాలి, ఏం చెప్పాలి అన్న నిర్ణయం వాళ్ళ చేతికి రానంతవరకు అది అలంకారమే, హక్కు కాదు.